కొత్త నగరంలో జీవన వ్యయం: ముందే లెక్కకట్టడం ఎలా?

విశాఖపట్నంలో నెలకు అరవై వేలు చేతికొచ్చే కుటుంబానికి బెంగళూరులో తొంభై వేల ఉద్యోగం దొరికిందనుకుందాం. జీతం ఒకటిన్నర రెట్లయింది. బతుకు కూడా ఆ మేరకు బాగుపడుతుందా? చాలా ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు నలుగురి మాటల మీద తేలిపోతుంది. అక్కడ ఉంటున్న బంధువు ‘అన్నీ మండిపోతున్నాయి’ అంటాడు. స్నేహితుడు ‘ఏం ఫరవాలేదు, హాయిగా సరిపోతుంది’ అంటాడు. ఎవరి సంసారం వారిది కాబట్టి ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. ధరల సూచీల శాస్త్రం నూటయాభై ఏళ్లుగా పరిశీలిస్తున్నది ఇలాంటి సమస్యనే. దాని మూల సూత్రాలు కాగితం, కలం ఉన్న ఏ కుటుంబానికైనా అందుతాయి.

సూచీ చెప్పేది, చెప్పనిది

ముందుగా ఒక అపోహ తొలగాలి. మన దేశంలో లేబర్ బ్యూరో పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీని 88 కేంద్రాలకు లెక్కిస్తుంది. విశాఖపట్నం, గుంటూరు, హైదరాబాద్, వరంగల్, బెంగళూరు వాటిలో ఉన్నాయి. రెండు నగరాల అంకెలను పక్కపక్కన పెట్టి, పెద్ద అంకె ఉన్నదే ఖరీదైన నగరమని తేల్చడం తప్పు. ఈ సూచీకి 2016 ఆధార సంవత్సరం. ఆ ఏటి ధరలను ప్రతి కేంద్రంలోనూ 100గా తీసుకున్నారు. అద్దెలు ఆకాశాన్నంటే మహానగరమైనా, చవకైన పట్టణమైనా 100తోనే మొదలైంది. ఒక కేంద్రంలో సూచీ 150కి చేరితే, అక్కడ ధరలు 2016 నుంచి యాభై శాతం పెరిగాయని మాత్రమే అర్థం. పక్క ఊరి కంటే అక్కడ ధరలు ఎక్కువో తక్కువో ఆ అంకె చెప్పదు.

రెండు ఊళ్లను పోల్చాలంటే ఒకే రకం వస్తువుకు, ఒకే సమయంలో, రెండు చోట్లా ధర కట్టాలి. దేశాల మధ్య ఈ పనిని 1968లో మొదలైన అంతర్జాతీయ పోలిక కార్యక్రమం చేస్తోంది. కొనుగోలు శక్తి తుల్యత అని మనం వినే లెక్కలకు ఆధారం అదే. మనం వెళ్లబోయే ఊరికి, మన ఊరికి మధ్య ఆ పని మనమే చేసుకోవాలి.

లారీ ఎక్కేవి, ఎక్కనివి

ప్రతి వస్తువు ధరా సేకరించనక్కర్లేదు. ఖర్చులను రెండుగా విడదీస్తే పని సగమవుతుంది. లారీ ఎక్కి ఊరు దాటగలిగేవి మొదటి రకం. సెల్‌ఫోను, సబ్బు, మందుబిళ్ల దేశమంతటా ఇంచుమించు ఒకే ధరకు దొరుకుతాయి. వాటిపై గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉంటుంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల మధ్య పన్ను తేడా కూడా చాలావరకు పోయింది. కర్నూలు సోనా మసూరి బెంగళూరులోనూ అమ్ముతారు. మదనపల్లె టమాటా అక్కడికీ వెళుతుంది. జీఎస్టీ పరిధిలో లేని పెట్రోలు ఇందుకు మినహాయింపు. రాష్ట్రాల వ్యాట్ వల్ల అది ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణలలో కర్ణాటక కంటే ఖరీదు.

నేల, నీరు, మనిషి శ్రమ రెండో రకం. వీటిని చవకైన చోటు నుంచి తెచ్చుకోలేం. ఇంటి అద్దె, బడి ఫీజు, పనిమనిషి జీతం, ట్యాంకర్ నీళ్లు, ఆటో చార్జీ అన్నీ ఈ కోవలోవే. జీతాలు ఎక్కువగా ఉన్న చోట సేవల ధరలు కూడా పెరుగుతాయని ఆర్థికవేత్తలు బెలా బలాసా, పాల్ శామ్యూల్సన్ 1964లో విడివిడిగా వివరించారు. వాళ్లు దేశాల గురించి చెప్పిన ఆ తర్కం నగరాలకూ వర్తిస్తుంది. రెండు నగరాల మధ్య జీవన వ్యయంలో తేడా ప్రధానంగా ఈ రెండో రకంలోనే ఉంటుంది. కాబట్టి విచారణ అంతా అక్కడే పెట్టాలి.

కేంద్ర ప్రభుత్వ జీతభత్యాల్లోనూ ఈ విభజన కనిపిస్తుంది. కరువు భత్యం దేశమంతటా ఒకే శాతం. ఇంటి అద్దె భత్యం మాత్రం నగరాన్ని బట్టి మారుతుంది. ఏడో వేతన సంఘం స్కేళ్లలో 2024 జనవరి నుంచి ఎక్స్ శ్రేణిలోని బెంగళూరు, హైదరాబాద్ లాంటి నగరాలకు మూల వేతనంలో 30 శాతం, వై శ్రేణిలోని విశాఖపట్నం, విజయవాడలకు 20 శాతం వర్తించింది.

ఎవరి బరువులు వారివి

ధరలు తెలిశాక, ఇంటి ఖర్చులో ఏ పద్దుకు ఎంత బరువుందో చూడాలి. ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే గమనించాడు. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం మన పట్టణాల్లో ఆ వాటా సగటున 40 శాతానికి కాస్త తక్కువ. అయితే సగటు కుటుంబం అనేది గణాంకాల్లోనే ఉంటుంది.

లెక్క కోసం ఇలా ఊహిద్దాం: కొత్త నగరంలో అద్దె 2 రెట్లు, కిరాణా-కూరగాయలు 1.1 రెట్లు, మిగతావన్నీ 1.4 రెట్లు. ఒక కుటుంబం ఖర్చులో అద్దె 20 శాతం, తిండి 40 శాతం, మిగతావి 40 శాతం. ఒక్కో వాటాను దాని రెట్లతో గుణించి కూడితే 0.40 + 0.44 + 0.56, అంటే 1.40 వస్తుంది. మరో కుటుంబానికి అద్దె 40 శాతం, తిండి 20 శాతం. దాని మొత్తం 0.80 + 0.22 + 0.56, అంటే 1.58. ఊళ్లు అవే, ధరలు అవే. ఒకటిన్నర రెట్ల జీతంతో మొదటి కుటుంబం ముందుకెళుతుంది. జీతమంతా ఖర్చయ్యే ఇల్లయితే రెండో కుటుంబం ఉన్న పొదుపునూ తోడుకుంటుంది.

ఇక్కడ మరో సూక్ష్మం ఉంది. పాత ఊళ్లో కొనే సరుకుల బుట్టకే కొత్త ఊళ్లో ధర కడితే అది ఆర్థికవేత్త లాస్పైరెస్ 1871లో చూపిన పద్ధతి. అది ఖర్చును కొంత ఎక్కువ చేసి చూపుతుంది, ఎందుకంటే ఖరీదైనదాన్ని మనుషులు తగ్గించుకుంటారు. విశాఖలో మూడు పడకగదుల ఇంట్లో ఉన్నవారు బెంగళూరులో రెండింటితో సర్దుకుంటారు. కొత్త ఊరి బుట్టతో రెండు చోట్లా లెక్క కడితే అది 1874 నాటి పాషె పద్ధతి. సర్దుబాటులో వదులుకున్న సుఖానికి అందులో విలువ ఉండదు కనుక అది తక్కువ చేసి చూపుతుంది. రెండింటి గుణోత్తర సగటు తీసుకోవాలని ఇర్వింగ్ ఫిషర్ 1922లో వాదించాడు. మనం కూడా రెండు లెక్కలూ వేయాలి. అసలు అవసరం ఆ రెండు అంకెల మధ్య ఎక్కడో ఉంటుంది.

అద్దె, ప్రయాణం, నీరు, అడ్వాన్సు

అద్దెను ప్రయాణంతో కలిపే చూడాలి. నగర కేంద్రానికి దూరమైన కొద్దీ అద్దె ఎందుకు తగ్గుతుందో విలియం అలోన్సో 1964లో సిద్ధాంతీకరించాడు. ఆఫీసుకు దూరంగా ఉంటే నెలకు ఎనిమిది వేలు మిగులుతుందనుకుందాం. అదనపు పెట్రోలుకు మూడు వేలు పోతే మిగిలేది ఐదు వేలు. రోజుకు రెండు గంటల చొప్పున ఇరవై రెండు పనిదినాలకు 44 గంటలు రోడ్డు మీద గడుస్తాయి. అంటే గంటను సుమారు 114 రూపాయలకు అమ్ముకున్నట్టు. పిల్లలతో గడపాల్సిన గంటకు ఆ ధర సమ్మతమేనా అన్నది ప్రతి కుటుంబం తనను తాను అడగాల్సిన ప్రశ్న.

నీటిదీ అదే తీరు. బెంగళూరుకు కావేరి నీరు దాదాపు వంద కిలోమీటర్ల నుంచి ఎత్తిపోతలతో వస్తుంది. శివార్లలో చాలాచోట్ల బోర్లు, ట్యాంకర్లే దిక్కు. 2024 మార్చి ఎద్దడిలో అధికారులు ఐదు కిలోమీటర్ల లోపు 6,000 లీటర్ల ట్యాంకరుకు 600 రూపాయలని ధర కట్టారు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురికి నెలకు 16,200 లీటర్లు కావాలి. ఆ ధరకే దొరికినా 1,620 రూపాయలవుతుంది. అద్దె అడిగేటప్పుడు ‘కావేరి కనెక్షన్ ఉందా?’ అని కూడా అడగాలి.

అడ్వాన్సునూ నెలవారీ ఖర్చుగా మార్చుకోవాలి. బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకోవడం పాత ఆనవాయితీ. ఇప్పుడు చాలాచోట్ల అది ఐదారు నెలలకు తగ్గింది. ముప్పై వేల అద్దెకు పది నెలల అడ్వాన్సు మూడు లక్షలు. ఏడు శాతం వడ్డీ లెక్కన నెలకు 1,750 రూపాయల రాబడి పోయినట్టే. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరిట ఒక నెల అద్దె కోసుకోవడం అక్కడ మామూలు. సొంత కారు మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంటే కొత్త రిజిస్ట్రేషన్, అక్కడి జీవితకాల పన్ను తప్పవు.

కలిసొచ్చేవాటినీ రాసుకోవాలి. బెంగళూరు సముద్ర మట్టానికి తొమ్మిది వందల మీటర్లకు పైగా ఎత్తున ఉంది. విశాఖ ఉక్కపోతలో నడిచే ఏసీ అక్కడ చాలామందికి అక్కర్లేదు. అక్కడి సహకార డెయిరీ నందిని పాలు మన ప్రైవేటు డెయిరీల పాల కంటే చవక.

పద్దులో కనబడని పని

అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది డబ్బు చెల్లించకుండా మనకు అందుతున్న శ్రమ. బడి నుంచి వచ్చిన పాపకు అన్నం పెట్టే అమ్మమ్మ, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లే పక్కింటి బాబాయి ఏ సూచీలోనూ లేరు. ఊరు మారిన మర్నాడే ఆ పని డేకేర్ ఫీజుగా, ఆయా జీతంగా, సెలవు పెట్టి కోల్పోయిన రోజుగా లెక్కలోకి వస్తుంది. వెనక ఊళ్లో ఉండిపోయే పెద్దవాళ్ల కోసం ఏడాదికి ఎన్నిసార్లు రావాలో, రైలు టికెట్లకు ఎంతవుతుందో కూడా అందులో చేర్చాలి.

కాబట్టి గత మూడు నెలల ఖర్చును ఇంటిల్లిపాదీ కూర్చుని పద్దులుగా రాయాలి. కొత్త నగరంలో ఆఫీసుకు దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి, రెండు పేటలు ఎంచుకుని లారీ ఎక్కని ఖర్చుల ధరలు అక్కడివారినే అడగాలి. వీలైతే కొన్ని రోజులు ఉండి, పనివేళల్లో ప్రయాణించి చూడాలి. మొత్తాన్ని కంపెనీ చెప్పే వార్షిక ప్యాకేజీతో పోల్చకూడదు. పన్ను, పీఎఫ్ పోగా చేతికొచ్చే జీతంతోనే పోల్చాలి. ఈ లెక్క వేసుకున్నవారు ధైర్యంగా ఊరు మారగలరు, ఎంత జీతం అడగాలో కారణంతో సహా అడగగలరు, అవసరమైతే ఉన్న ఊళ్లోనే ఉండిపోవాలని బాధ లేకుండా నిర్ణయించుకోగలరు.