బండ్రి మిలిటరీ తాత

బళ్లారి జిల్లా సండూరు తాలూకాలోని బండ్రిలో బస్సు దిగి "మిలిటరీ తాత ఇల్లెక్కడ?" అని తెలుగులో అడిగినా, కన్నడంలో అడిగినా ఏ పిల్లవాడైనా గుమ్మం దాకా తీసుకొచ్చి వదిలి వెళ్లేవాడు. ఆ తాత మా మామగారు. గౌరవ క్యాప్టెన్‌గా 1988లో పదవీ విరమణ చేసి, తరువాత 35 ఏళ్లు ఆ ఊళ్లోనే ఉండి, 2023లో తమ ఎనభై మూడో ఏట కన్నుమూశారు. తన పేరు అచ్చులో చూసుకోవడం ఆయనకు గిట్టేది కాదు. అందుకే ఇక్కడా రాయడం లేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మిగతావి మైసూరుకు వెళ్లాయి. మన పాఠకుల్లో చాలామంది ఇళ్లలో ఈ కథ విన్నదే. ఆ గీతకు అవతల ఉండిపోయిన తెలుగు ఇళ్లలో మా మామగారిదొకటి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మనం ఉగ్గాని అనేదాన్నే పక్కింటివాళ్లు ఒగ్గరణె అంటారు, తినేది మాత్రం ఒకే బొరుగులు. 1958లో ఆయన బెంగళూరు వెళ్లి మద్రాస్ శాపర్స్‌లో చేరితే, అక్కడ హిందీని ఇంగ్లీషు అక్షరాలతో రాయడం నేర్పారు. అలా మూడు భాషలు వచ్చినా సొంత భాషలో తన పేరు రాసుకోవడం మాత్రం రాకుండానే మిగిలిపోయారు.

మద్రాస్ శాపర్స్ 1780 నాటి దళం. వంతెనలు కట్టడం, దారులు వేయడం, మందుపాతరలు పాతడం, తీయడం వీరి పని. మామూలు జవానుగా చేరి ఒక్కొక్క మెట్టూ ఎక్కి సుబేదార్ మేజర్ అయ్యారు. అలాంటి వారిలో కొద్దిమందికే గౌరవ లెఫ్టినెంట్, గౌరవ క్యాప్టెన్ హోదాలు దక్కుతాయి. 1971 డిసెంబరులో శకర్‌గఢ్ ప్రాంతంలో, బసంతర్ నది దగ్గర, ట్యాంకులకు దారి చేయడానికి మందుపాతరలు ఏరిన వారిలో ఆయన ఒకరు. ఆ పోరులోనే డిసెంబరు 16న ఇరవయ్యొక్కేళ్ల అరుణ్ ఖేతర్‌పాల్ ట్యాంకులో ప్రాణాలొదిలి పరమవీరచక్ర పొందారు. మా శ్రీమతి పుట్టింది ఆ ముందు నెలలో. తండ్రి ఆమెను మొదట చూసింది 1972 వేసవిలో.

యుద్ధం గురించి నాతో ఎన్నడూ మాట్లాడలేదు. మా పిల్లలతో మాత్రం మాట్లాడేవారు, అదీ శెనక్కాయ చేలో. చేతిలో పుల్ల పట్టుకుని, "నిలువుగా పొడిస్తే దాని నెత్తిన పడుతుంది, పేలుతుంది. ఇట్లా ఏటవాలుగా పొడిస్తే పక్కకు తగులుతుంది. తగిలితే ఆగల్ల. వేళ్లతో మన్ను తీయల్ల" అని చూపించేవారు. పిల్లలిద్దరూ బోర్లా పడుకుని గంటసేపు ఒక్కొక్క కాయా వెలికి తీసేవారు. కూలికి వచ్చిన ఆడవాళ్లు నవ్వి పోయేవాళ్లు. సాయంత్రానికి అరసాళ్లు కూడా కాకపోయినా ఆయన ఏమీ అనేవారు కాదు.

మా అమ్మాయికి అయిదేళ్లప్పుడు, 2003లో, ఇంట్లో పెద్దబాలశిక్ష పెట్టుకుని అక్షరాలు దిద్దిస్తున్నాం. మేం అప్పుడు బెంగళూరులో ఉండేవాళ్లం. సంగతి తెలిసి ఆయన బళ్లారి నుంచి తనకూ ఒక పెద్దబాలశిక్ష తెప్పించుకున్నారు. అరవై మూడేళ్ల మనిషి పలక ముందేసుకున్నారు. కన్నడం వచ్చినవారికి తెలుగు లిపి కష్టం కాదు కానీ, ఆయన తలకట్టు చివరిదాకా కన్నడం తలకట్టే. ఏడాది తిరిగేసరికి మనవరాలికి ఇన్‌లాండ్ ఉత్తరాలు మొదలయ్యాయి. వాన పడిందా లేదా, గేదె ఈనిందా, శెనక్కాయ ధర ఎంత పలికింది. మా అమ్మాయి ఎర్రసిరాతో తప్పులు దిద్ది అదే ఉత్తరం తిప్పి పంపేది. ఆయన ఒక్కొక్క తప్పునూ పదేసిసార్లు రాసి మళ్లీ పంపేవారు. మిలిటరీ క్రమశిక్షణ అంటే ఇదేనేమో!

ఈ ఉత్తరాలు చూసి మేమంతా మురిసిపోయేవాళ్లం, ఒక్క మా శ్రీమతి తప్ప. "నాకొచ్చినవి మనియార్డర్ ఫారం అడుగున రెండు ముక్కలు. బాగా చదువుకో, అమ్మ మాట విను. అంతే" అంది ఒకసారి. ఆయన ఇల్లు చేరేనాటికి ఆమె హాస్టల్లో చేరిపోయింది. తండ్రీ కూతుళ్లు ఒక ఇంట్లో కలిసున్న రోజులన్నీ లెక్కపెడితే మూడేళ్లు కావు.

2004 వేసవిలో బండ్రిలో ఉండగా మా అమ్మాయికి అమ్మవారు పోసింది. మామగారు తొమ్మిది రాత్రులు వేపమండ పట్టుకుని మంచం పక్కనే కూర్చున్నారు. నాలుగో రాత్రో, అయిదో రాత్రో, గుమ్మంలో నిలబడి మా శ్రీమతి అడిగింది: "నాకు అమ్మవారు పోసినప్పుడు నువ్వు యాడుంటివి నాయనా?"

"తేజ్‌పూర్‌లో" అన్నారు. వేపమండ ఆగలేదు. కాసేపటికి మళ్లీ ఆయనే, "సెలవు అడిగింటే ఇచ్చుందురేమో. నేను అడగలే" అన్నారు.

అంతకు మించి ఇద్దరూ ఏమీ అనుకోలేదు. నేను పక్కగదిలో నిద్ర నటించాను. తెల్లవారి కాఫీ మాత్రం ఆమే కలిపి, తండ్రి చేతికి తనే తీసుకెళ్లి ఇచ్చింది.

ఇక నా వృత్తికి సంబంధించిన ముక్క ఒకటి. బ్యాంకులో పెన్షన్లు చూసినవాణ్ని కాబట్టి, మాజీ సైనికుల భార్యల పాట్లు తెలుసు. పెళ్లినాటి పేరొకటి, రికార్డుల్లో ఎక్కిన పేరొకటి, పాసు పుస్తకంలో మరొకటి. భర్త ఉన్నన్నాళ్లు ఎవరూ చూడరు. పోయాక కుటుంబ పెన్షన్ అక్కడ ఆగిపోతుంది. 2012లో ఆయన పి.పి.ఓ. అడిగి చూస్తే, మా అత్తగారి పేరు ముద్దుపేరుతో ఉంది. నేను చెప్పీ చెప్పకముందే కాగితం తీశారు. పద్నాలుగు నెలలు ఉత్తరాలు నడిపి సవరణ పి.పి.ఓ. తెప్పించారు. దాన్ని నల్ల ట్రంకు పెట్టెలో, జాయింటు ఫొటోతో సహా, "నేను పోయినాక తీయవలసినవి" అని తెలుగులో రాసిన కవరులో పెట్టారు. "పోయినాక"లో దీర్ఘం మరిచిపోతే తరువాత కలిపినట్టుంది. ఆ కవరు వల్ల మా అత్తగారికి పెన్షన్ అడ్డంకి లేకుండా మొదలైంది. ఇది చదువుతున్నవారి ఇళ్లలో పెన్షనర్లు ఎవరైనా ఉంటే ఇవాళే ఆ పేరు ఒకసారి సరిచూసుకోండి.

పోయిన నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కు అత్తగారిని మా అమ్మాయే తీసుకెళ్లింది. చేలో పని చేసి అరిగిన వేళ్లు, యంత్రంలో ముద్ర పడలేదు. చివరికి కాగితం ఫారం ఇచ్చారు. భర్త పేరు దగ్గర "కీర్తిశేషులు అని రాయాలా అవ్వా?" అని అడిగిందట.

"క్యాప్టెన్ అని రాయి, చాలు" అందట మా అత్తగారు.