కంప్యూటరు మూలచిట్టా – దాని నకలు, పునరుద్ధరణము



మన నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములలో పహాణీ నకలు కావలెనన్నను, ఆదాయ ధ్రువపత్రము కావలెనన్నను 2011 నుండి మీసేవా కేంద్రమునకు పోవుట యలవాటైనది. అచ్చట మన పని చేసిపెట్టునది కంప్యూటరు. మనుమల చదువు నిమిత్తము ఆ యంత్రము ఇండ్లలోనికిని వచ్చినది. అది యొకనాడు తెరచుకొనక మొరాయించినచో బాగుచేయువాడు వచ్చి, "అంతయు తుడిచి మరల నెక్కింపవలెను" అనును. ఆ తుడుపులో పెండ్లి ఫొటోలును, పంపకపు కాగితముల నకళ్లును, సంఘపు లెక్కలును పోగొట్టుకొన్న యిండ్లను నేనెరుగుదును. అన్నివేళల నంత తుడుపు అవసరము లేదు. కొన్నివేళల చెడినది యంత్రములోని యొక చిట్టా మాత్రమే. దానికి రిజిస్ట్రీ యని పేరు.

మొదట నొక భ్రాంతి తీర్పవలెను. రిజిస్ట్రీ యనగానే మనకు భూముల రిజిస్ట్రేషను కచేరి స్ఫురించును. ఇది యది కాదు. మీ పట్టా వివరములు ప్రభుత్వపు యంత్రములలో నుండునుగాని మీ యింటి కంప్యూటరు రిజిస్ట్రీలో నుండవు. విండోసు అను ఏర్పాటుతో నడచు కంప్యూటరు తన నడవడికి సంబంధించిన అమరికలను వ్రాసి పెట్టుకొను దస్త్రమే రిజిస్ట్రీ. ఏ ప్రోగ్రాము ఎచ్చట నున్నది, అచ్చుయంత్ర మేది, తెలుగు కీబోర్డు పెట్టినారా లేదా, యంత్రము మేల్కొనగానే ముందేది నడువవలెను – ఇత్యాదులు దానిలో నుండును.

పూర్వము ప్రతి ప్రోగ్రామును తన యమరికలను వేరువేరు చిన్న ఫైళ్లలో దాచుకొనుచుండెను. 1992 నాటి విండోసు 3.1లో రిజిస్ట్రీ స్వల్పముగా మొదలై, 1995 నాటి విండోసు 95తో యంత్రమంతటికి మూలచిట్టా యయ్యెను. ఇందలి గుణమేమనగా, వెదకవలసినది ఒక్కచోటనే యుండును. దోషమేమనగా, ఆ యొక్కటి చెడినచో యంత్రమే లేవకపోవచ్చును. పనినడుమ కరెంటు పోవుట, వైరసు చొరబడుట, తెలిసీతెలియని చేయి లోపలి వ్రాతను మార్చుట – ఇవి చెడుటకు కారణములు.

నకలు విలువను మన ప్రాంతపు రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. పహాణీలో పేరు తారుమారైనప్పుడు పెద్దలేమందురు? "1954-55 ఖాస్రా పహాణీ తీయుడు" అందురు. నమ్మదగిన యొక పాత తేదీకి పోయి, అచ్చటినుండి సరిచూచుకొనుట యన్నమాట. కంప్యూటరులో రిస్టోర్ పాయింటు అనునది యిట్టిదే. అయితే ఖాస్రా వ్రాసిన తరువాత జరిగిన క్రయము గాని, అన్నదమ్ముల పంపకము గాని అందులో కానరాదు గదా! అట్లే పాత తేదీకి మరలినచో, ఆ తరువాత ఎక్కించిన ప్రోగ్రాములు తొలగిపోవును. మీ జాబులు, ఫొటోలు, లెక్కలు మాత్రము ఎట్లున్నవి అట్లే యుండును.

దీనిని చేయు విధము వినుడు. వెదకుచోట "క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్" అను ఇంగ్లీషు మాటలు వ్రాసినచో నొక పలక తెరచుకొనును. అందు సి డ్రైవు కెదురుగా "ఆన్" అని యున్నదో లేదో చూడవలెను. పెక్కు యంత్రములలో "ఆఫ్" అనియే యుండును. అట్లున్నచో "కాన్ఫిగర్" నొక్కి ఆన్ చేసి, పిమ్మట "క్రియేట్" నొక్కి, గుర్తుగా నొక పేరు పెట్టవలెను. మరలి పోవలసివచ్చినప్పుడు అదే పలకలో "సిస్టమ్ రిస్టోర్" నొక్కవలెను. యంత్రము అసలే తెరచుకొననిచో, కొన్నిమార్లు విఫలమైన పిమ్మట అది తానే బాగుచేయు తెరను చూపును. అందు ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, సిస్టమ్ రిస్టోర్ అను వరుసలో పోవలెను.

రెండవ విధము చిట్టాలోని యొక భాగమునకే నకలు తీయుట. లోపల నేదేని మార్పు చేయబోవు ముందు ఇది తగును. విండోసు మీటను, ఆర్ అక్షరమును కలిపి నొక్కి, ఆర్, ఇ, జి, ఇ, డి, ఐ, టి అను ఏడక్షరములు వ్రాయవలెను. చిట్టా తెరచుకొనును. ఎడమవైపున మార్చబోవు శాఖను ఎంచుకొని, "ఫైల్"లో "ఎక్స్‌పోర్ట్" నొక్కి, తేదీతో పేరు పెట్టి దాచవలెను. తిరిగి పెట్టుటకు "ఇంపోర్ట్" కలదు. ఇచ్చట నొక సూక్ష్మము: ఈ నకలు మారిన వ్రాతను సరిచేయును, పోయిన వ్రాతను తెచ్చిపెట్టును, కాని క్రొత్తగా చేరిన వ్రాతను తీసివేయదు. ఒక యంత్రపు నకలును మరియొక యంత్రమున పెట్టుట కూడదు. ఒక ఊరి పహాణీ మరియొక ఊరికి చెల్లునా?

"యంత్రము తానే నకలు తీసికొనునట" యని కొందరందురు. అది పాతమాట. 2018లో వచ్చిన విండోసు 10 యొక్క 1803 కూర్పు నుండి, డిస్కులో చోటు మిగుల్చుటకై, రిజిస్ట్రీకి తనంతట నకలు తీయు ఆ పద్ధతిని కంపెనీవారు నిలిపివేసిరి. కావున ఆ భారము మనదే.

తుదిమాట. రిస్టోర్ పాయింటు అదే డిస్కులో నుండును. డిస్కే చెడినచో రెండును పోవును. తాళపత్రమునకు ప్రతి వ్రాసినవారు ఆ ప్రతిని మూలముతో కలిపి యొక పెట్టెలోనే పెట్టినచో, చెదలు పట్టిననాడు రెండును పోవును గదా! కావున ఫొటోలను, లెక్కలను వేరొక డిస్కులోనికి దింపి, దానిని వేరుచోట నుంచుడు. రేపు ప్రొద్దున మనుమని పిలిచి, సి డ్రైవు కెదురుగా "ఆన్" అని యున్నదా యని యడుగుడు. బాగుచేయువానిని కూడ, తుడుచుటకు ముందు, పాత తేదీకి మరల్చి చూచితివా యని యడుగుడు. అడుగుటకు ఇంగ్లీషు చదువు అక్కరలేదు.