డిస్కు తిరగేసి చూశారా?

చీర కొనేటప్పుడు కొంగు తిరగేసి చూస్తాం. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తాం. వంకాయల్ని ఒక్కొక్కటే తిప్పి తిప్పి ఏరుకుంటాం. మరి పిల్లలు ముచ్చటపడి అడిగిన కార్టూన్ డిస్కు కొనేటప్పుడో? అట్టమీద బొమ్మ బాగుంది, ధర తక్కువగా ఉంది... అంతే, డబ్బులు ఇచ్చేస్తాం. మోసపోయేది సరిగ్గా అక్కడే!

మాఘ పౌర్ణమి వచ్చిందంటే దివిసీమ దారులన్నీ హంసలదీవి వైపే సాగుతాయి. వేణుగోపాలస్వామి కల్యాణం చూసి, పాలకాయతిప్ప దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట స్నానాలు చేసి జనం ఇళ్లకు మళ్లుతారు. ఇంటింటా సీడీ ప్లేయర్లు ఉన్న రోజుల్లో ఇలాంటి తిరునాళ్లలో గాజులు, ఖర్జూరాల పక్కనే పట్టా పరిచి డిస్కులూ పోసి అమ్మేవారు. వాటిలో అసలెన్నో, నకిలీలెన్నో అడిగినవాళ్లు తక్కువ. ఇప్పుడు ఆ పట్టా లేదు. కానీ అదే సరుకు ఇంటర్నెట్ దుకాణాల్లోకి చేరింది. ముఖ్యంగా జపాన్ యానిమే డిస్కుల్లో నకిలీల బెడద ఎక్కువ.

పెడన నేర్పిన పాఠం

నకిలీ డిస్కు ఎంత పని చేస్తుందో మన కృష్ణా జిల్లాకు బాగా తెలుసు. 2013 సెప్టెంబరు. పవన్ కల్యాణ్, త్రివిక్రమ్‌ల 'అత్తారింటికి దారేది' ఇంకా థియేటర్ల మొహం చూడలేదు. అంతలోనే దాదాపు గంటన్నర సినిమా బయటకు పొక్కేసింది. ఆ డిస్కులు దొరికిందెక్కడో కాదు... బందరు పక్కనే ఉన్న పెడనలో! నిర్మాణ సమయంలో పనిచేసిన వ్యక్తి దగ్గర్నుంచి కాపీ బయటపడి, నాలుగు చేతులు మారి పెడనలోని వీడియో దుకాణానికి చేరిందని పోలీసులు అప్పట్లో ప్రకటించారు. అయిదుగురిని అరెస్టు చేశారు. అక్టోబరులో రావాల్సిన సినిమాని నిర్మాత హడావుడిగా సెప్టెంబరు 27నే విడుదల చేయాల్సి వచ్చింది. ప్రేక్షకులు థియేటర్లకు తరలివచ్చి దాన్ని నిలబెట్టారు కాబట్టి సరిపోయింది. లేకపోతే? వందలమంది చెమట ఒక చవక డిస్కు పాలయ్యేది.

మన సినిమాకి ఒకసారి జరిగింది. జపాన్ యానిమేకి ఇది ఏళ్ల తరబడి జరుగుతూనే ఉంది. ఒక్కో బొమ్మ గీసి, రంగులద్ది, కదిలించే చిత్రకారుల కష్టాన్ని ఎవరో కాపీకొట్టి, అందమైన అట్టపెట్టెలో పెట్టి అమ్మేస్తారు. గీసినవాళ్లకు పైసా ముట్టదు. కొన్నవాళ్లకు తృప్తీ ఉండదు.

ఇప్పుడెందుకీ గొడవ?

'ఇంకా డిస్కులు ఎవరు కొంటున్నారండీ' అనొచ్చు. నిజమే, సినిమాలన్నీ ఫోన్లోకి వచ్చేశాక డిస్కుల అవసరం తగ్గింది. కానీ యానిమే అభిమానులది వేరే లోకం. నచ్చిన సిరీస్‌ని పెట్టెతో సహా బీరువాలో దాచుకోవడం వాళ్లకో సరదా. డోరేమాన్, షిన్‌చాన్‌లను తెలుగులో చూస్తూ పెరిగిన పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు, ఉద్యోగాలూ చేస్తున్నారు. 2025 సెప్టెంబరు 12న 'డెమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' తెలుగు మాటలతో మన థియేటర్లలోనే విడుదలైంది. పుట్టినరోజుకి అలాంటి సిరీస్ డిస్కుల సెట్టు కావాలని పిల్లలు అడిగితే, ఆ పేరే పలకడం రాని అమ్మానాన్నలు అసలేదో, నకిలీ ఏదో ఎలా పోల్చుకోవాలి?

కంగారు పడక్కర్లేదు. జపాన్ భాష రానక్కర్లేదు. కొన్ని గుర్తులు తెలిస్తే చాలు.

అట్ట చెప్పే సంగతులు

ముందు అట్ట వెనక్కి తిప్పండి. విడుదల చేసిన సంస్థ పేరు, బార్‌కోడ్, హక్కుల వివరాలు ఉండాలి. అచ్చు మసగ్గా ఉన్నా, ఇంగ్లిషులో అక్షరదోషాలు కనిపించినా, బొమ్మలు ఇంటర్నెట్‌లోంచి దింపి అతికించినట్లున్నా అనుమానించాల్సిందే. మెరిసే హోలోగ్రామ్ ఉందికదా అని మురిసిపోకండి. సినిమానే కాపీ చేసినవాడికి స్టిక్కర్ ఓ లెక్కా?

మనదేశంలో విడుదల చేసే డిస్కులకైతే ఇంకో కొండగుర్తు ఉంది. కాపీరైట్ చట్టంలోని 52ఎ సెక్షన్ ప్రకారం వీడియో పెట్టెమీద సెన్సార్ సర్టిఫికెట్ నకలు, తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా తప్పనిసరిగా ఉండాలి. విదేశాల నుంచి వచ్చే అసలు డిస్కులమీద మన సెన్సార్ సర్టిఫికెట్ ఉండదు కాబట్టి వాటికి మిగతా గుర్తులు చూసుకోవాలి.

అందులో ముఖ్యమైంది రీజియన్ నంబరు. డీవీడీల్లో అమెరికాకి 1, జపాన్‌కి 2, మనదేశానికి 5. 'అమెరికా నుంచి తెప్పించాం' అంటూ 'ఆల్ రీజియన్' అని రాసి ఉన్న డిస్కు చూపిస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. అసలు డిస్కుల్లోనూ కొన్ని అన్ని ప్రాంతాల్లో ఆడేవి ఉంటాయి. కాబట్టి ఈ ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పేయకూడదు.

లెక్క వేస్తే తేలిపోతుంది

అన్నిటికంటే తేలికైన పరీక్ష... కూడికలు, గుణకారాలు! 26 భాగాల సిరీస్ తీసుకోండి. ఒక్కోటి 24 నిమిషాలు. మొత్తం పది గంటలు దాటుతుంది. డీవీడీలో పట్టేది మామూలుదైతే 4.7 గిగాబైట్లు, రెండు పొరలదైతే 8.5 గిగాబైట్లు. అంటే బొమ్మ స్పష్టంగా ఉండాలంటే ఒక్కో డిస్కులో రెండు నుంచి నాలుగు గంటలే. అలాంటిది సిరీస్ మొత్తం ఒకటి రెండు డీవీడీల్లో ఇచ్చారంటే దాన్ని కుదించి కుక్కారన్నమాట. కత్తియుద్ధం మొదలుకాగానే తెరంతా గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. కింద ఇంగ్లిషులో వచ్చే మాటలూ అంతే. ఒక భాగంలో ఉన్న పేరు మరో భాగంలో మారిపోతుంది. బ్లూరేలో 25 నుంచి 50 గిగాబైట్లు పడతాయి కాబట్టి దానికి ఈ లెక్క వేరు.

ఇక డిస్కు అడుగు. ఫ్యాక్టరీలో అచ్చువేసిన డీవీడీ వెండిలా మెరుస్తుంది. రెండు పొరలదైతే లేత బంగారు ఛాయ ఉంటుంది. కంప్యూటర్లో రాసిన డీవీడీ మాత్రం ఊదా రంగులో కనిపిస్తుంది. మధ్య రంధ్రం చుట్టూ ఉండే అద్దంలాంటి వలయంలో సన్నని అంకెలు, చాలావాటికి ఐఎఫ్‌పీఐ అన్న అక్షరాలు కూడా ఉంటాయి. పెద్ద ముఠాలు నకిలీలనూ వెండిరంగులోనే అచ్చువేస్తాయి. అందుకే ఊదా రంగు కనిపిస్తే వదిలేయండి. వెండి రంగైతే మిగతా గుర్తులు చూడండి.

చవకైనదల్లా నకిలీ కాదు

ధర చూసే తేల్చేద్దామా? అదీ పొరపాటే. 2007 ప్రాంతంలో మోజర్‌బేర్ సంస్థ అసలు వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకే అమ్మింది. పైరసీని దాని ధరతోనే కొట్టాలన్నది ఆలోచన. అలాగని జపాన్ నుంచి వచ్చిన డిస్కులు కారుచవగ్గా దొరుకుతాయనుకోవద్దు. అక్కడి డిస్కుల ధర ఎక్కువ, ఒక్కోదానిలో ఉండే భాగాలు తక్కువ. ఇంగ్లిషు మాటలూ వేయడం అరుదు. 'జపాన్ ఒరిజినల్, ఫుల్ సెట్, ఇంగ్లిషు సబ్‌టైటిల్స్‌తో' అంటూ సగానికి సగం ధర చెబితే... ఆలోచించాల్సిందే.

కొనేముందు ఆ సెట్టుని నిజంగా ఎవరు విడుదల చేశారో ఆ సంస్థ వెబ్‌సైట్‌లో చూడండి. అమ్మేవారిని పెట్టె వెనకవైపు, డిస్కు అడుగు ఫొటోలు అడగండి. నిజాయతీ ఉన్నవాళ్లు పంపిస్తారు. బిల్లు తప్పక తీసుకోండి. అసలుదని చెప్పి నకిలీ అంటగడితే బిల్లు, ఫొటోలు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కాపీరైట్ చట్టం కింద ఇలాంటి నేరాలకు మూడేళ్ల వరకూ జైలు ఉంది.

డిస్కే కావాలన్న పట్టుదల లేకపోతే అసలు చింతే లేదు. జపాన్ దర్శకుడు యుగో సాకో మన చిత్రకారుడు రామ్మోహన్‌తో కలిసి 1990ల మొదట్లో తీసిన యానిమే రామాయణం 2025 జనవరి 24న తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. మన రాముడి కథని అంత ప్రేమగా గీసిన చేతులకు మనం ఇచ్చే మర్యాద ఏమిటి? ఓ టికెట్టు. లేదా ఓ అసలు డిస్కు.

పెడనలో కలంకారీ కొనేటప్పుడు బట్టని అటూ ఇటూ తిరగేసి, అచ్చుని వేలితో తడిమి చూసే అలవాటు మనకుంది. అదే చూపు డిస్కుమీదా పెడితే చాలు. పైన పటారం, లోన లొటారం అయితే... ఆ వెనకవైపే చెప్పేస్తుంది!