పుచ్చిన పన్నును నిలుపుకొనుట

"పన్ను పుచ్చినది, పీకించివేయుదము" అను మాట గ్రామములలో తరచుగా వినుచున్నాము. తొందరపడవలదని మా మనవి. పుచ్చు పంటిలోపలి నరములున్న మెత్తని గుజ్జును చేరినపుడు పోటు పుట్టును. కొన్నాళ్ళకు గుజ్జు చచ్చి పోటు తగ్గును. అది నయమగుట కాదు. వేరుకొనను చీము పట్టి దవడ వాచవచ్చును.

దంతవైద్యుడు మత్తుసూది వేసి, ఆ గుజ్జును తీసి, వేళ్ళలోని సన్నని కాలువలను శుభ్రపరచి, గట్టాపర్చా అను చెట్టుపాల పదార్థముతో పూడ్చును. దీనినే రూట్ కెనాల్ చికిత్స యందురు. పిమ్మట దవడపంటికి సాధారణముగా తొడుగు వేయించవలెను. లేనిచో నమలునపుడు పగులవచ్చును. వేరు నిలువునా చీలినచో మాత్రము తీయించుటయే గతి.

పిల్లలకు సుమారు 6వ ఏట పాలపండ్ల వెనుక మొలచు దవడపన్నును పాలపన్నేయని పలువురు ఉపేక్షింతురు. అది ఊడిన మరల రాదు. ఈ సంగతిని పంచాయతీ సభ్యులు తల్లులకు తెలుపగోరుచున్నాము.