అజాన్ వేళ ఆపలేని ఆట

మగ్రిబ్ అజాన్ వినిపిస్తుంది. వంటగదిలో నుండి తల్లి పిలుస్తుంది: "బేటా, నమాజుకు లే!" లోపలి గదిలో నుండి జవాబు వస్తుంది: "రెండు నిమిషాలు, అమ్మీ!" ఆ రెండు నిమిషాలు పదిహేనవుతాయి. పిల్లవాడు అబద్ధమాడుతున్నాడని, నమాజు పట్ల నిర్లక్ష్యం వహిస్తున్నాడని మనం వెంటనే తీర్పు చెప్పేస్తాము. అతని పక్కన కూర్చుని, తెరపై ఏమి జరుగుతున్నదో చూసిన తల్లిదండ్రులు మాత్రం అరుదు.

'ఓవర్‌వాచ్' అనే ఆటనే తీసుకుందాం. అమెరికాకు చెందిన బ్లిజార్డ్ సంస్థ దీనిని 2016 మే నెలలో విడుదల చేసింది. అప్పట్లో జట్టుకు ఆరుగురు. 2022 అక్టోబరులో 'ఓవర్‌వాచ్ 2' వచ్చినప్పుడు ఆ సంఖ్య ఐదుకు తగ్గింది. మానవులకు, యంత్రమానవులకు మధ్య మహాయుద్ధం ముగిసిన భవిష్యత్ ప్రపంచం దీని రంగస్థలం. జట్టులో కొందరు ముందు నిలిచి దెబ్బలు కాచుకుంటారు, కొందరు దాడి చేస్తారు, మరికొందరు వెనుక ఉండి సహచరుల గాయాలు మాన్పుతారు. ఒక స్థావరాన్ని పట్టుకోవడమో, ఒక వాహనాన్ని గమ్యానికి చేర్చడమో లక్ష్యం.

మన తరం ఆడిన ఆటలను మధ్యలో ఆపి, తిరిగి వచ్చి కొనసాగించే వీలుండేది. ఇది అలా కాదు. ఎక్కడో ఉన్న సర్వర్‌పై పదిమంది ఏకకాలంలో ఆడుతుంటారు. ఒకడు లేచిపోతే మిగిలిన నలుగురి ఆట చెడుతుంది. పోటీ విభాగంలోనైతే మధ్యలో వదిలిన వానికి శిక్ష కూడా పడుతుంది. కనుక పిల్లవాని "రెండు నిమిషాలు" వెనుక ఉన్నది ఎల్లప్పుడూ నిర్లక్ష్యమే కాదు, తోటివారిని మధ్యలో వదలరాదన్న భావన కూడా. అమానత్‌ను కాపాడమని నేర్పినది మనమే కదా! నమాజు ముందు ఆ మాట నిలవదు, నిజమే. కానీ పొరపాటు అజాన్ వేళ జరిగినది కాదు. అజాన్ దగ్గర పడుతుండగా కొత్త ఆట మొదలుపెట్టినప్పుడే జరిగిపోయింది. ఒక్కో ఆట పది నిమిషాలలో ముగియవచ్చు, ఇరవై దాటవచ్చు. అందువల్ల అజాన్‌కు అరగంట ముందు కొత్త ఆట మొదలుపెట్టరాదన్న ఒక్క నియమం ఇంట్లో చాలు. మగ్రిబ్ వ్యవధి అసలే తక్కువ కనుక ఆ వేళ మరింత పట్టింపు అవసరం. కోపంతో వైఫై ఆపివేసే అబ్బాజాన్‌లూ ఉన్నారు. దానివల్ల ఆట ఆగుతుంది కానీ, మనసు నమాజు వైపు తిరుగుతుందా అన్నది సందేహమే.

ఈ ఆటలో నన్ను ఎక్కువ కలవరపెట్టినది కాల్పులు కాదు, 'లూట్ బాక్స్' అనే పెట్టె. అందులో నాలుగు వస్తువులుంటాయి. పాత్రలకు తొడిగే దుస్తులు, పలికించే మాటలు వంటివి. ఏమి వస్తాయో తెరిచేదాకా తెలియదు. ఆడుతూ ఉంటే కొన్ని పెట్టెలు ఉచితంగా దక్కేవి. అదనంగా కావాలంటే రెండింటికి 1.99 డాలర్లు, యాభైకి 39.99 డాలర్లు చెల్లించవలసి వచ్చేది. అవకాశాల లెక్క వెల్లడించాలని చైనా నిబంధన విధించడంతో 2017లో సంస్థ నోరు విప్పింది: అత్యంత అరుదైన శ్రేణి వస్తువు సగటున 13.5 పెట్టెలకు ఒకటి! 2018 ఏప్రిల్‌లో బెల్జియం జూద నియంత్రణ సంఘం ఇది జూదమేనని తేల్చింది. ఆగస్టులో అక్కడ వాటి విక్రయం నిలిచిపోయింది.

బెల్జియం అధికారులు ఇస్లామీ ధర్మశాస్త్రం చదివి ఆ నిర్ణయానికి రాలేదు. అయినా సూరహ్ అల్ మాయిదా 90వ ఆయత్ నిషేధించిన మైసిర్‌నూ, దైవప్రవక్త (స) వారించిన గరర్ వ్యాపారాన్నీ ఎరిగినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. ధర చెప్పి విడిగా అమ్మే దుస్తుల సంగతి వేరు. అది దుబారా కావచ్చు గాని జూదం కాదు. 2022లో తొలగిన ఈ పెట్టెలు 2025లో మళ్ళీ ప్రవేశించాయి, ఈసారి ఆడి సంపాదించుకునేవిగా. ఇతర ఆటలలో డబ్బుకు అమ్మేవి ఇంకా ఉన్నాయి. ఇంటి ఫోనుకు, బ్యాంకు కార్డుకు ఉన్న లంకె ఏమిటో ఈ రాత్రే చూడండి.

ఐరోపా వర్గీకరణ ఈ ఆటను పన్నెండేళ్లు నిండినవారికి తగినదిగా పేర్కొంటుంది. ఆ వర్గీకరణ ఆటకే గాని, చెవికి తగిలించుకున్న మైకులో అపరిచితులు పలికే బూతులకు కాదు. 2017 సెప్టెంబరు నాటికే దుష్ప్రవర్తనకు 4,80,000కు పైగా ఖాతాలపై చర్య తీసుకున్నామని సంస్థే ప్రకటించింది. మరుసటి ఏడు మర్యాదగా ఆడినవారిని తోటివారు మెచ్చుకునే పద్ధతి తెచ్చింది. ధ్వని సంభాషణను పూర్తిగా ఆపివేసే వీలు సెట్టింగులలో ఉంది. చిన్నపిల్లల విషయంలో దానిని ఆపివేయడమే మేలు.

ఒక సంగతి మాత్రం నన్ను ఆశ్చర్యపరచింది. ఇందులోని 'ఒయాసిస్' అనే యుద్ధస్థలం ఇరాక్‌లో ఉంది. శిథిలాల ఇరాక్ కాదు, విశ్వవిద్యాలయంతో వెలుగొందే శాస్త్రవేత్తల నగరం. బాగ్దాద్ బైతుల్ హిక్మా గాథను పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి సందు దొరకదు. అనా అనే ఈజిప్టు వనిత కూడా ఒక పాత్ర. తలపై ముసుగు, ఒక కంటికి పట్టీ, వయసు మళ్ళిన తల్లి. ఆమె తుపాకీ శత్రువును గాయపరుస్తుంది, అదే తుపాకీ సహచరుని గాయాన్ని మాన్పుతుంది. మీ పిల్లవాడు ఏ పాత్రను ఎంచుకుంటాడో, ఎందుకో, ఇషా తరువాత భోజనాల వద్ద ఒకసారి అడిగి చూడండి. మీరు ఆపమనేదాకా చెబుతూనే ఉంటాడు.