యంత్రములో తాళము వేసిన గదులు

తిరుపతిలోని పెద్ద సత్రమును తలచుకొందము. సామాన్య దినములలో కొన్ని గదులు చాలును. బ్రహ్మోత్సవములకు తాళము వేసిన గదులన్నియు తెరువవలెను. పెద్ద కంప్యూటరు సంగతియు నిట్టిదే.

ఒక సర్వరును పెక్కు భాగములుగా విభజింపవచ్చును. ప్రాసెసర్లలో, జ్ఞాపకశక్తిలో ఏ భాగపు వంతు దానికుండును. ఒకదాని రద్దీ పొరుగుదానిని బాధింపదు. 1972లో ఐ.బి.ఎమ్. సంస్థ వెలువరించిన వి.ఎమ్./370 ఒకే యంత్రమును పలు యంత్రములవలె పనిచేయించినది. ఆ సంస్థదే 2001 నాటి పి690 సర్వరులో కొన్ని ప్రాసెసర్లను నిద్రాణముగా నుంచి, అవసరమైనపుడు సంకేతసంఖ్యతో మేల్కొలుపు వీలుండెను. వాటి వెల అప్పుడే చెల్లింతురు.

2021లో తిరుమల సర్వదర్శన టోకెన్లను ఆన్‌లైనులో నిచ్చుట ప్రారంభమయ్యెను. అప్పుడు విడుదల వేళకు జనమంతయు ఒక్కుమ్మడిగా వచ్చిపడెడివారు, పిమ్మట సద్దుమణిగెడిది. ఆ కొద్దిసేపటికై ఏడాది పొడుగునను మహాయంత్రమును పోషించుట వ్యర్థము. ఆ యేడే దేవస్థానము జియో సంస్థవారి క్లౌడ్ సదుపాయమును గైకొనినది. దూరమందలి ఉమ్మడి యంత్రశాలలో వలసిన శక్తిని వలసినంతసేపు బాడుగకు పొందుటయే క్లౌడ్.

యంత్రశక్తి పెరిగినంతమాత్రమున టోకెన్లు పెరుగవు. కాని తెర స్తంభింపక, కుప్పము పల్లెలోని భక్తునకును వరుసలో నిలుచు నవకాశము దక్కును. అదియే దీని ప్రయోజనము.