మూడు చుక్కల ఆట

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి గ్రామము కలదు. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలమున, అనగా పదునారవ శతాబ్దిలో, విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు అచ్చటి వీరభద్రాలయమును కట్టించిరి. ఆలయమును చూడబోవువారు వ్రేలాడు స్తంభమును, ఏకశిలా నందిని చూచి సంతోషముతో మరలుదురు. కాని తల యెత్తి మండపముల పైకప్పులను గూడ చూడవలెను. అచ్చటి వర్ణచిత్రములలో పార్వతీపరమేశ్వరులు పాచికలాడుచున్న చిత్రమొకటి కలదు. ఆట యనిన దేవతలకును ప్రీతియే యని చిత్రకారుడు తలంచెను కాబోలు!

1972 వ సంవత్సరమున అమెరికాలో ఒక విద్యుద్యంత్రము అమ్మకమునకు వచ్చెను. దానితో వచ్చిన పెట్టెలోను పాచికలుండెనని చెప్పినచో మీకు వింతగా తోచును. ఆ యంత్రము పేరు ఆడిసీ. ఇంటిలోని టెలివిజనుకు తగిలించి ఆడుకొనుటకై అమ్మిన మొట్టమొదటి ఆటయంత్రము అదియే. నేడు మీరు చేతిఫోనులలో చూచు ఆటలకు అది ముత్తవ్వ వంటిది.

దానిని కనిపెట్టినవాడు రాల్ఫ్ బేర్. ఇతడు 1922 లో జర్మనీ దేశమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. యూదుడైన కారణమున అతనిని బడినుండి వెడలగొట్టిరి. 1938 లో ఆ కుటుంబము ప్రాణములు దక్కించుకొని అమెరికా చేరినది. అచ్చట బేర్ ఒక కర్మాగారమున పనిచేయుచు, తపాలా ద్వారా వచ్చు పాఠములను చదివి, రేడియోలను బాగుచేయుట నేర్చుకొనెను. పిదప ఇంజనీరయ్యెను.

1966 లో ఒకనాడు న్యూయార్కు నగరమున బస్సుకొరకు వేచియుండగా అతనికొక ఆలోచన కలిగెను. కోట్లకొలది యిండ్లలో టెలివిజన్లున్నవి. జనులు వానిని చూచుటయే కాని, వానితో చేయగలిగినది లేదు. చూచువాడే ఆడువాడైనచో ఎట్లుండును? మరునాడే ఆ తలంపును నాలుగు పుటలలో వ్రాసిపెట్టెను. తరువాత బిల్ హారిసన్, బిల్ రష్ అను సహచరులతో గూడి, పలుమారులు కట్టి విప్పి, 1968 నాటికి ఒక పెట్టెను సిద్ధపరచెను. మాగ్నవాక్స్ అను కంపెనీ దానిని తయారుచేయు హక్కును పొంది, ఆడిసీ అను పేరుతో విక్రయించినది.

ఈ యంత్రము చేయగలిగిన పని మిక్కిలి స్వల్పము. తెరపై మూడు తెల్లని చుక్కలను, నిలువుగా ఒక గీతను చూపును. రెండు చుక్కలు ఇద్దరు ఆటగాండ్రవి, మూడవది బంతి. చేతిలోని చిన్నపెట్టెకున్న మరలను త్రిప్పినచో చుక్క పైకిని, క్రిందికిని, ప్రక్కలకును జరుగును. రంగులు లేవు, శబ్దము లేదు, గెలుపోటముల లెక్క లేదు. ఆట మార్చుటకు ఒక చిన్న కార్డును దూర్చవలెను. ఆ కార్డులో ఆట యేదియు దాగియుండదు. అది లోపలి తీగెల కలయికను మాత్రమే మార్చును.

మరి దానితో వచ్చిన పండ్రెండు ఆటలు ఎట్లు సాధ్యమైనవి? పెట్టెలో బొమ్మలు ముద్రించిన పలుచని ప్లాస్టిక్కు రేకులుండెను. తలదువ్విన దువ్వెనకు కాగితపు ముక్కలు అంటుకొనుట మీరెరుగుదురు గదా! అట్లే ఆ రేకు టెలివిజను అద్దమునకు అంటుకొనును. ఒక రేకుపై టెన్నిసు మైదానము, మరియొకదానిపై మంచుకొండ దారి, వేరొకదానిపై దయ్యముల యిల్లు. పిల్లియు ఎలుకయు తరుముకొను ఆటయు ఉండెను. కొండదారిలో జారు చుక్క దారి తప్పినచో యంత్రమునకు తెలియదు. "నేను తప్పితిని" అని ఆడువాడే ఒప్పుకొనవలెను. లెక్కను కాగితముపై తామే వ్రాసికొనవలెను. పాచికలు, చీట్లు, ఆటడబ్బు, నియమముల పుస్తకము అందులకే ఇచ్చిరి. యంత్రము ఇచ్చినది చుక్కలను మాత్రమే. వానిని ఆటగా మార్చినది ఆటగాండ్ర ఒప్పందమును, నిజాయితీయును.

1975 వరకు ఇట్టి యంత్రములు సుమారు మూడున్నర లక్షలు అమ్ముడయ్యెను. తరువాత లెక్కలు తామే వేయు యంత్రములు వచ్చి దీనిని మరుగుపరచినవి. నేడు కొందరు దీనిని శ్రద్ధతో వెదకి సేకరించుచున్నారు. కాని యంత్రము దొరకినంత మాత్రమున ఆట దొరకదు. రేకులు చిరిగి పోయియుండును, చీట్లు చెదరియుండును. నేటి పలుచని టెలివిజన్లకు ఆ రేకులు సరిపడవు. వెనుక పెద్ద గాజుగొట్టము గల పాత టెలివిజనునే సంపాదింపవలెను. నియమముల పుస్తకము లేనిచో ఆ మూడు చుక్కలతో ఏమి చేయవలెనో తెలియదు. కావున తెలిసిన సేకర్తలు యంత్రమునెంత భద్రముగా దాతురో, ఒక్కొక్క కాగితపు ముక్కను గూడ అంత భద్రముగా దాతురు. బేర్ కట్టిన తొలి పెట్టె 2006 లో అమెరికా జాతీయ చరిత్ర ప్రదర్శనశాలకు చేరినది. అతడు 2014 లో మరణించెను.

ఆడిసీ వెలువడిన నాటికి మన సీమలో టెలివిజనే లేదు. హైదరాబాదులో దూరదర్శన కేంద్రము 1977 లో గాని రాలేదు. మన పిల్లలు అరుగులపై పులిజూదమును, వామనగుంటలను, అష్టాచెమ్మను ఆడుచుండిరి.

మా వీథిలో ఒక పాత యింటి రాతి అరుగుపై పులిజూదపు గీతలున్నవి. ఒకనాడొక బాలుడు వానిని చూపి, "తాతా, ఈ గీట్లేమి?" అని నన్నడిగెను. మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకను దాటి దూకినచో మేక చచ్చును. మేకలు చుట్టుముట్టి పులికి కదలిక లేకుండ చేసినచో పులి ఓడును అని చెప్పితిని. "మేకలన్నీ దిగకముందే ఒక మేకను జరపవచ్చునా?" అని వాడు మరల అడిగెను. ముప్పది యేండ్లు పాఠములు చెప్పిన నేను తడబడితిని. గడపలో కూర్చున్న అవ్వ నవ్వి, "అన్ని మేకలూ దిగిందాకా జరపగూడదు, అయ్యవారూ!" అనెను.

ఆ యవ్వయే ఆ యాటకు నియమముల పుస్తకము. ఆమె మాట నిలువనిచో అరుగుపై గీతలుండును గాని ఆట యుండదు. నియమములు పోయిన ఆడిసీ తెరపై చుక్కలుండును గాని ఆట లేనట్లే.

విద్యార్థులారా! మీ యింటిలో, మీ వీథిలో పెద్దలెరిగిన ఆట యొకటి తప్పక యుండును. వారి యొద్ద కూర్చుండి దానిని ఆడుడు. గీతలు గీసి, నియమములను ఒక్కొక్కటిగా మీ పుస్తకమున వ్రాసికొనుడు. సందేహము వచ్చినచోట మరల అడుగుడు. అడుగుటకు వారున్నప్పుడే ఆ పని చేయవలెను.